గుండె లోపంతో పుట్టిన బిడ్డ: ఆపరేషన్‌కు ముందు జన్యువుల సంగతి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో పిల్లల డాక్టర్లు ఉన్నారు, పీజీలు ఉన్నారు, పసికందుల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలో రాత్రీపగలూ పనిచేసే సిస్టర్లు ఉన్నారు, వెనక వరుసల్లో పిల్లలను ఎత్తుకుని వచ్చిన తల్లిదండ్రులూ కనిపిస్తున్నారు. అందుకే ఇంగ్లీషు స్లైడ్లు పక్కన పెట్టేశాను, తెలుగులోనే మాట్లాడతాను. డాక్టర్లకు కొన్ని విషయాలు తెలిసినవే అనిపించవచ్చు, కాస్త ఓపిక పట్టండి.

గుండె లోపంతో బిడ్డ పుట్టగానే అందరి దృష్టీ ఎకో, అంటే గుండె స్కాన్, రిపోర్టు మీదికి పోతుంది. రంధ్రం ఎంత ఉంది, ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది, ఆపరేషన్ ఎప్పుడు, ఆరోగ్యశ్రీలో వస్తుందా రాదా, రక్తం ఎవరిస్తారు, ఇవే మాటలు. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్ళు ఇంకేం ఆలోచిస్తారు, అర్థం చేసుకోవచ్చు. కానీ ఈ లోపం ఎందుకు వచ్చింది, దీని వెనక ఏదైనా సిండ్రోమ్, అంటే ఒకే కారణంతో ఒంట్లో చాలాచోట్ల లోపాలు కలిసి వచ్చే జబ్బు, ఉందా అన్న ప్రశ్న మాత్రం "బిడ్డ బయటపడ్డాక చూద్దాం" అంటూ వెనక్కి పోతుంది. దాన్ని వెనక్కి పోనివ్వకండి అని చెప్పడానికే వచ్చాను. రేపు బిడ్డకు ఎక్కించే రక్తం ఎలాంటిది, మత్తు ఎలా ఇవ్వాలి, కొన్నిసార్లు అసలు ఆ ఆపరేషన్ చెయ్యాలా వద్దా అన్నది కూడా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

వందమంది పిల్లలు పుడితే దాదాపు ఒకరికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. చాలావరకు చిన్నవే, కొన్ని రంధ్రాలు వాటంతట అవే పూడుకుపోతాయి కూడా. ఈ పిల్లలందరికీ సిండ్రోమ్ ఉంటుందని భయపడకండి. ఇవాళ ఉన్న పరీక్షలన్నీ చేసినా సగానికి పైగా పిల్లల్లో ఇదీ కారణం అని తేల్చి చెప్పలేం. పైగా ప్రతి లోపాన్నీ ఒకేలా అనుమానించక్కర్లేదు. పెద్ద ధమనులు రెండూ తారుమారైన ట్రాన్స్‌పొజిషన్ ఉండి, మిగతా ఒళ్ళంతా బాగున్న బిడ్డలో సిండ్రోమ్ దొరకడం అరుదు. అదే గుండె నుంచి రెండు ధమనులకు బదులు ఒక్కటే బయటికి వచ్చే ట్రంకస్ అయినా, ఒంటికంతా రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని అయోర్టా వంపు మధ్యలో తెగిపోయి ఉన్నా, అందులోనూ తెగిన చోటును బట్టి బీ రకం అనేది అయితే, 22వ క్రోమోజోమ్ వెంటనే గుర్తుకు రావాలి. బీ రకం ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి, ట్రంకస్ ఉన్నవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి ఆ క్రోమోజోమ్‌లో ముక్క లోపించి ఉంటుంది.

దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతా చాలా సంగతులు దీంట్లోనే అర్థమవుతాయి. దీన్ని 22క్యూ డిలీషన్ అంటాం. ఫిలడెల్ఫియాలో పనిచేసిన పిల్లల డాక్టర్ ఏంజెలో డిజార్జ్ 1965లో రోగనిరోధక కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి, కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు రెండూ లేకుండా పుట్టిన పిల్లల గురించి చెప్పారు, అందుకే పాత పుస్తకాల్లో డిజార్జ్ సిండ్రోమ్ అని ఉంటుంది. 22వ జతలోని ఒక క్రోమోజోమ్ నుంచి సాధారణంగా 30 లక్షల డీఎన్‌ఏ అక్షరాలంత ముక్క ఊడిపోతుంది. అందులో టీబీఎక్స్1 అనే జన్యువు ఉంది. గర్భంలో బిడ్డ మెడ భాగం తయారయ్యేటప్పుడు ఆ జన్యువుకు చాలా పని ఉంటుంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనులు, థైమస్, పారాథైరాయిడ్లు, అంగిలి అన్నీ ఆ చుట్టుపక్కల నుంచే వస్తాయి. అందుకే ఒకే బిడ్డలో గుండె, కాల్షియం, రోగనిరోధక శక్తి, అంగిలి కలిసి దెబ్బతింటాయి.

ఇప్పుడు మూడు రోజుల పాప ఒకతి ఉందనుకుందాం. పాలు తాగడం మానేసింది, డొక్కలు ఎగరేస్తోంది, కాళ్ళు చల్లబడ్డాయి. ఎకో తీస్తే వంపు తెగి ఉంది. ఒంటికి రక్తం అందించే నాళం మూసుకుపోకుండా ఉంచే ప్రోస్టాగ్లాండిన్ మందు డ్రిప్ పెట్టారు, ఆపరేషన్‌కు సర్జన్ ఒప్పుకున్నారు. అర్ధరాత్రి పాప చెయ్యి సన్నగా అదురుతోందని సిస్టర్ గమనించింది. షుగర్ చూస్తే బాగానే ఉంది. కాల్షియం చూస్తే బాగా తక్కువ. ఈ దశలో కాల్షియం ఎక్కించేసి "నెలల లోపు పిల్లల్లో మామూలే" అని వదిలేసే వీలుంది. కానీ గుండె ఎకో, కాల్షియం రిపోర్టు పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్స్‌రే మళ్ళీ తీసి చూస్తే ఛాతీ పైభాగంలో థైమస్ నీడ ఉండాల్సిన చోట సన్నగా ఉంటుంది. జబ్బుతో నలిగిపోయిన ఏ బిడ్డకైనా థైమస్ కుంచించుకుపోతుంది కాబట్టి ఆ ఒక్క ఎక్స్‌రే మీద తేల్చలేం, కానీ అనుమానం బలపడుతుంది.

అనుమానం ఉంటే ఏం మారుతుంది? మొదటిది రక్తం. థైమస్ సరిగా లేని బిడ్డకు ఇన్ఫెక్షన్లతో పోరాడే టీ కణాలు తక్కువగా ఉంటాయి. మామూలు రక్తం ఎక్కిస్తే దాతకు చెందిన లింఫోసైట్లు అనే తెల్లకణాలు బిడ్డ ఒంట్లో స్థిరపడి బిడ్డ మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే, కానీ అది వస్తే బతికించుకోవడం చాలా కష్టం. అందుకే ఆ కణాలు పెరగకుండా రేడియేషన్ ఇచ్చిన రక్తం కావాలని బ్లడ్ బ్యాంకుకు ముందే రాసిపెట్టాలి. ఆ సదుపాయం అన్ని బ్లడ్ బ్యాంకుల్లో ఉండదు, అడగ్గానే దొరకదు, కాబట్టి ఆపరేషన్ ముందురోజు సాయంత్రం గుర్తొస్తే లాభం లేదు. రెండోది, నిల్వ రక్తంలో గడ్డకట్టకుండా సిట్రేట్ కలుపుతారు, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పారాథైరాయిడ్లు బలహీనంగా ఉన్న బిడ్డకు ఆపరేషన్ బల్ల మీద కాల్షియం అమాంతం పడిపోవచ్చు. మత్తు డాక్టర్‌కు ఈ సంగతి ముందే తెలిస్తే నిమిషనిమిషం కనిపెట్టుకుని ఉంటారు. మూడోది టీకాలు. మన దగ్గర పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు వేసేస్తాం. థైమస్ అసలే లేని పిల్లలు చాలా కొద్దిమందే, కానీ వాళ్ళకు బతికున్న, బలహీనపరిచిన క్రిములతో చేసే ఈ టీకాలు ప్రమాదం. టీ కణాల లెక్క తెలిసేదాకా కొన్ని రోజులు ఆపితే సరిపోతుంది. ఆ తర్వాత చాలామంది పిల్లలకు మామూలుగానే వేసుకోవచ్చు. తల్లిదండ్రులు దయచేసి దీన్ని విని టీకాలు మానెయ్యకండి, నేను చెబుతున్నది ఈ ఒక్క సందర్భం గురించే.

కాల్షియం మాట వచ్చింది కాబట్టి దీనికి సరిగ్గా ఎదురు దిశలో ఉండే జబ్బు కూడా చెబుతాను. విలియమ్స్ సిండ్రోమ్. 1961లో న్యూజిలాండ్‌లో గుర్తించారు. 7వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క పోతుంది, దాంతో పాటు ఎలాస్టిన్ జన్యువు పోతుంది. రక్తనాళాలకు సాగే గుణం ఇచ్చేది ఎలాస్టినే. అందుకని అయోర్టిక్ వాల్వ్‌కు కాస్త పైన నాళం సన్నబడుతుంది, ఊపిరితిత్తుల ధమనులూ సన్నబడతాయి. ఈ పిల్లల్లో కొందరికి కాల్షియం ఎక్కువగా ఉంటుంది. నెలల బిడ్డ ఎప్పుడూ ఏడుస్తూ, వాంతులు చేసుకుంటూ, విరేచనం కాక ఇబ్బంది పడుతుంటే "పాలు పడట్లేదు" అనుకుంటారు. పైగా మనం అందరు పిల్లలకూ విటమిన్ డి చుక్కలు రాస్తాం కదా, వీళ్ళకు అవి కాల్షియాన్ని ఇంకా పెంచుతాయి. ఇంకా ముఖ్యమైనది మత్తు. గుండెకు రక్తం తీసుకెళ్ళే కరోనరీ నాళాల మొదలు కూడా వీళ్ళలో సన్నబడి ఉండొచ్చు. అలాంటి బిడ్డకు మత్తు ఇచ్చి బీపీ కాస్త పడిందంటే గుండె ఆగిపోవచ్చు. పెద్ద ఆపరేషనే అక్కర్లేదు, సీటీ స్కాన్ కోసం ఇచ్చే మత్తులోనూ ఇలా జరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వాల్వ్ పైన నాళం సన్నబడిందని ఎకోలో చూసిన డాక్టర్ "విలియమ్స్ కావచ్చు" అని రిపోర్టు కింద ఒక్క లైను రాస్తే మత్తు డాక్టర్ చేసే ఏర్పాటు మొత్తం మారుతుంది.

ఇక బిడ్డను చూడటం గురించి. ఎన్‌ఐసీయూలో బిడ్డ గుడ్డలో చుట్టి ఉంటుంది, మూతికి ట్యూబు, చేతికి బోర్డు కట్టి కాన్యులా, ముఖం సగం ప్లాస్టర్. ఛాతీ మీద ప్రోబ్ పెట్టి, గుండె చూసి, గుడ్డ కప్పేసి వెళ్ళిపోతాం. వార్మర్ కింద రెండు నిమిషాలు బిడ్డను పూర్తిగా విప్పి చూడండి. బొటనవేళ్ళతో మొదలుపెట్టండి. బొటనవేలు మిగతా వేళ్ళలా మూడు కణుపులతో పొడుగ్గా ఉందా, సన్నగా వేలాడుతోందా, అసలు లేదా? గుండె పైగదుల మధ్య రంధ్రం, దాంతో బొటనవేలి తేడా కలిసి ఉంటే హోల్ట్-ఓరం. మేరీ హోల్ట్, శామ్యూల్ ఓరం అనే ఇద్దరు డాక్టర్లు లండన్‌లో ఒకే కుటుంబంలో తరతరాలుగా ఇది వస్తోందని 1960లో రాశారు, కారణమైన టీబీఎక్స్5 జన్యువు 1997లో దొరికింది. ఇక్కడే ఒక మాట. బిడ్డ బొటనవేలు చూశాక తండ్రి చెయ్యి, తల్లి చెయ్యి కూడా పట్టుకుని చూడండి. చిన్నప్పటి నుంచి అలా ఉన్న వేలిని ఎవరూ జబ్బు అనుకోరు, అడిగితే చెప్పరు. అయితే బొటనవేలు తేడా అన్నింటికీ హోల్ట్-ఓరమే అనుకోవద్దు, ఫాంకోనీ ఎనీమియాలోనూ అలా ఉంటుంది, అందులో తర్వాత ఎముక మజ్జ పనిచెయ్యడం మానేస్తుంది. దానికి వేరే పరీక్ష ఉంది, అడిగితేనే చేస్తారు.

చేతులు చూస్తూనే ఆరో వేలు ఉందేమో చూడండి. రెండు చేతులకూ చిటికెన వేలు పక్కన ఆరో వేలు, పొట్టి చేతులు కాళ్ళు, గుండెలో పైగదులు రెండూ కలిసి ఒక్కటే గది అయి ఉంటే ఎల్లిస్-వాన్ క్రెవెల్డ్. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులూ కలిస్తే వచ్చేది, కాబట్టి మేనరికం ఉన్న ఇళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. వేలి కొసలు కూడా చూడండి, మెత్తల్లా ఉబ్బి ఉంటే, కింది కనురెప్ప చివర బయటికి తిరిగినట్టుంటే కబుకి సిండ్రోమ్ కావచ్చు, జపాన్‌లో 1981లో మొదట చెప్పారు, గుండెలో ఎడమవైపు లోపాలు, అయోర్టా సన్నబడటం ఇందులో ఎక్కువ. ముక్కులోంచి సక్షన్ ట్యూబు ఒకవైపు దిగట్లేదని సిస్టర్ చెబితే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. ముక్కు వెనక దారి మూసుకుపోయి ఉండవచ్చు, దాంతో పాటు చెవులు వింతగా ఉండి, కంటిపాపలో చీలిక ఉంటే ఛార్జ్ సిండ్రోమ్. ఆడపిల్ల అయితే పాదాలు పైన ఉబ్బి ఉన్నాయా, మెడ వెనక చర్మం వదులుగా ఉందా చూడండి. అలా ఉండి అయోర్టా సన్నబడి ఉంటే ఒక ఎక్స్ క్రోమోజోమ్ లోపించే టర్నర్ సిండ్రోమ్ కోసం క్రోమోజోమ్ పరీక్ష చెయ్యాలి.

ముఖం గురించి మాత్రం నేను జాగ్రత్తగా మాట్లాడతాను. పుస్తకాల్లో చాలాకాలం ఉన్న ఫొటోలు ఎక్కువగా తెల్లజాతి పిల్లలవి. మన పిల్లల్లో అవే సిండ్రోములు కొంచెం వేరుగా కనిపిస్తాయి. దీన్ని సరిదిద్దడానికే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2016లో వేర్వేరు దేశాల పిల్లల ఫొటోలతో ఒక అట్లాస్ మొదలుపెట్టాయి, అందులో మన ఉపఖండపు పిల్లలూ ఉన్నారు. ఇంకో సంగతి, పుట్టిన వారంలో 22క్యూ ముఖం ఎవరికీ సరిగా తెలియదు, వయసు వస్తున్నకొద్దీ బయటపడుతుంది. కాబట్టి "ముఖం బాగానే ఉంది, సిండ్రోమ్ లేదు" అని రాసెయ్యకండి. తల్లితో నాలుగు మాటలు మాట్లాడండి. ఆమె మాట ముక్కులోంచి వస్తున్నట్టుందా, చిన్నప్పుడు అంగిలికి ఆపరేషన్ అయిందా, కాల్షియం బిళ్ళలు వాడుతోందా? 22క్యూ ఉన్న పదిమంది పిల్లల్లో ఒకరికి అది తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, ఆ తల్లికో తండ్రికో తమలో అది ఉందని బిడ్డ పుట్టేదాకా తెలియకపోవచ్చు.

కామెర్ల సంగతి. పుట్టిన రెండు వారాలు దాటినా బిడ్డకు పచ్చదనం తగ్గట్లేదు, మలం సున్నంలా తెల్లగా వస్తోంది అంటే పైత్యరస నాళాలు మూసుకుపోయాయేమోనని పైత్యరసం పేగులోకి వెళ్ళేలా కొత్త దారి వేసే కసాయ్ ఆపరేషన్ ఆలోచిస్తారు, అది అరవై రోజుల లోపు చేస్తేనే ఎక్కువ ఫలితం కాబట్టి అందరూ తొందరలో ఉంటారు. కానీ అదే బిడ్డకు గుండెలో మామూలుగా ఉండని అదనపు చప్పుడు (మర్మర్) ఉంటే, ఎకోలో ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే కొమ్మలు సన్నగా ఉంటే, ఎక్స్‌రేలో వెన్నుపూస సీతాకోకచిలుకలా చీలి ఉంటే ఒక్కసారి ఆగాలి. అలాజిల్ సిండ్రోమ్ కావచ్చు. జాగ్1 అనే జన్యువు వల్ల లివర్ లోపలి సన్న నాళాలే తక్కువగా ఉంటాయి, కసాయ్ చేస్తే మేలు జరగదు, కీడు జరిగే అవకాశమే ఎక్కువ. కాలేయం చూసే డాక్టర్, గుండె చూసే డాక్టర్ ఒకరి రిపోర్టు ఒకరు చదివితే ఆ కోత తప్పుతుంది.

గుండె కండరం దళసరిగా ఉన్న నెలల పిల్లల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఒక్కో కారణానికి ఒక్కో దారి. ముందుగా తల్లికి షుగర్ ఉందా అడగండి. షుగర్ ఉన్న తల్లుల పిల్లల్లో గుండె గోడ దళసరిగా ఉండి కొన్ని నెలల్లో దానంతట అదే మామూలవుతుంది, అక్కడ జన్యు పరీక్షల పేరుతో తల్లిదండ్రులను కంగారు పెట్టొద్దు. షుగర్ లేదు, బిడ్డ మెత్తగా గుడ్డలా వాలిపోతోంది, మెడ నిలవట్లేదు, నాలుక పెద్దది, ఈసీజీలో గీతలు కాగితం దాటిపోయేంత పెద్దవిగా ఉండి పీఆర్ దూరం (గుండె పైగదుల నుంచి కిందిగదులకు కరెంటు చేరే సమయం) తక్కువగా ఉందంటే అది పాంపే అనే జబ్బు. జీఏఏ అనే ఎంజైమ్ లేక, ఒంట్లో నిల్వ ఉండే చక్కెర అయిన గ్లైకోజెన్ కండరాల్లో పేరుకుపోతుంది. మందు లేకపోతే ఈ పిల్లల్లో ఎక్కువమంది ఏడాది నిండకుండానే చనిపోతారు. ఆ ఎంజైమ్‌నే మందుగా ఎక్కించే చికిత్స 2006 నుంచి ఉంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు, వారాలు కూడా లెక్కే. ఫిల్టర్ పేపర్ మీద ఎండబెట్టిన రక్తపు చుక్కతో ఎంజైమ్ పరీక్ష అవుతుంది, ఆ కాగితం పోస్టులో పంపొచ్చు, శ్రీకాకుళం నుంచైనా ఆదిలాబాద్ నుంచైనా. మందు ఖరీదు మామూలు కుటుంబం మోయగలిగేది కాదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో పాంపే ఉంది, గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రంగా ఉన్నాయి. జీవితాంతం రెండు వారాలకోసారి ఎక్కించాల్సిన మందుకు, బిడ్డ బరువు పెరిగేకొద్దీ డోసు పెరిగే మందుకు ఆ మొత్తం సరిపోదు. ఈ మాట అధికారుల ముందు ఎన్నిసార్లయినా చెబుతాను.

దళసరి గుండెకు ఇంకో కారణం నూనన్ సిండ్రోమ్. అమెరికాలో పిల్లల గుండె డాక్టర్ జాక్వెలిన్ నూనన్ తన దగ్గరికి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారిలోని పల్మనరీ వాల్వ్ సన్నబడి వచ్చే పిల్లల్లో కొందరి పోలికలు ఒకేలా ఉన్నాయని గమనించి 1963లో తొమ్మిది మంది గురించి రాశారు. అప్పటికి జన్యువుల యంత్రాలేవీ లేవు, వచ్చిన పిల్లలను శ్రద్ధగా చూడటమే ఆవిడ చేసిన పరీక్ష. పీటీపీఎన్11 జన్యువు 2001లో దొరికింది, సుమారు సగం మందిలో కారణం అదే. నూనన్ పిల్లల్లో వాల్వ్ రెక్కలు మందంగా ఉంటాయి కాబట్టి బెలూన్ పెట్టి విప్పితే చాలాసార్లు అనుకున్నంత ఫలితం రాదు, అది ముందే కుటుంబానికి చెప్పాలి. కొందరికి రక్తం సరిగా గడ్డకట్టదు, ఆపరేషన్‌కు ముందు ఆ పరీక్షలు చెయ్యాలి. గుండె కండరం బాగా దళసరెక్కిన కొందరు పసిపిల్లలకు ట్రామెటినిబ్ అనే క్యాన్సర్ మందు ఇస్తే మందం తగ్గినట్టు వైద్య పత్రికల్లో వచ్చింది. ఇంకా అందరికీ రాసే మందు కాదు, కానీ జన్యువు పేరు తెలియని బిడ్డ విషయంలో ఆ ఆలోచనే రాదు.

డౌన్ సిండ్రోమ్ అరుదైనది కాదు కాబట్టి రెండు ముక్కలే చెబుతాను. డౌన్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. చప్పుడు వినపడకపోయినా ఎకో తీయాలి, పెద్ద రంధ్రం ఉన్నప్పుడే చప్పుడు వినపడకపోవచ్చు. వీళ్ళలో ఊపిరితిత్తుల బీపీ తొందరగా పెరిగి స్థిరపడిపోతుంది, పెద్ద లోపాలకు ఆరు నెలల లోపు ఆపరేషన్ అయిపోవాలి. "ఎలాగూ డౌన్ కదా" అని ఆపరేషన్ వాయిదా వేసే పాత ఆలోచన ఇంకా కొన్నిచోట్ల ఉంది, అది పోవాలి.

పరీక్షల గురించి తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "క్రోమోజోమ్ టెస్ట్ నార్మల్ వచ్చింది కదా, ఇంకా ఎందుకు?" సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద నిలబడి రైలును చూస్తున్నామనుకోండి. ఒక బోగీ ఎక్కువుందా తక్కువుందా అన్నది దూరం నుంచే తెలుస్తుంది. కారియోటైప్ అంటే అదే, డౌన్, టర్నర్ అందులో దొరుకుతాయి. ఒక బోగీలో నాలుగు సీట్లు లేవంటే లోపలికెక్కి చూడాలి, అది మైక్రోఅరే, 22క్యూ, విలియమ్స్ ఇందులో పట్టుబడతాయి. ఒక సీటుకు ఒక బోల్టు లేదంటే బోల్టు బోల్టూ తడిమి చూడాలి, అది ఎక్సోమ్ సీక్వెన్సింగ్, నూనన్, కబుకి, ఛార్జ్, హోల్ట్-ఓరం అలా దొరికేవి. 22క్యూ అని గట్టి అనుమానం ఉంటే ఆ ఒక్క ముక్క ఉందో లేదో చూసే ఫిష్ పరీక్షతో రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది, ఎంఎల్‌పీఏ అనే పరీక్ష కూడా చవకైన దారే. కారియోటైప్ రెండు మూడు వారాలు పడుతుంది. అత్యవసరంలో మొత్తం జీనోమ్, అంటే డీఎన్‌ఏ అంతా, చదివేసే పద్ధతి కూడా వచ్చింది, 2012లోనే అమెరికాలోని కాన్సస్ సిటీలో 50 గంటల్లో పసిపిల్లలకు రోగనిర్ధారణ చేసి చూపించారు. మన దగ్గర అంత వేగం ఇంకా అందరికీ అందుబాటులో లేదు. ఆపరేషన్ పథకంలో అయిపోయినా జన్యు పరీక్షకు చాలాసార్లు కుటుంబమే డబ్బు పెట్టుకోవాలి, అందుకే ఏ పరీక్ష ముందు చెయ్యాలో ఆలోచించి రాయడం మన బాధ్యత.

పీజీలు ఇది రాసుకోండి. రక్తం ఎక్కించక ముందే 2 మిల్లీలీటర్లు ఊదా రంగు మూత ట్యూబులో తీసి పెట్టండి. కారియోటైప్ కావాలంటే ఆకుపచ్చ మూత ట్యూబులో ఇంకొంచెం. ఒకసారి రక్తం ఎక్కించాక దాత కణాలు కలుస్తాయి, కొన్ని పరీక్షల్లో గందరగోళం వస్తుంది, కొన్ని రోజులు ఆగాల్సి వస్తుంది. బిడ్డ పరిస్థితి విషమంగా ఉందనుకుంటే మరీ ముఖ్యం. పరీక్షకు ఇవాళ డబ్బు లేకపోయినా డీఎన్‌ఏ తీసి దాచుకోవచ్చు, ఏళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది. బిడ్డ దక్కని తల్లిదండ్రులు రెండేళ్ళకు మళ్ళీ వచ్చి "ఈసారి ఇలా కాకుండా చూడండి" అన్నప్పుడు చేతిలో ఆ డీఎన్‌ఏ ఉంటే వాళ్ళకు జవాబు చెప్పగలం, లేకపోతే ఊహించడమే. ఆ సమయంలో అడగడం కష్టమే, మనసు ఒప్పదు. అయినా నెమ్మదిగా, పక్కన కూర్చుని అడగండి.

రిపోర్టులో "అర్థం తేలని మార్పు" అని వస్తే దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ముఖ్యంగా గర్భం విషయంలో. తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షించి, ఆరోగ్యంగా ఉన్న తండ్రిలోనూ అదే మార్పు ఉందంటే అది చాలావరకు అమాయకమైనదే. ప్రపంచ డేటాబేసుల్లో మనవాళ్ళు తక్కువ కాబట్టి మనలో మామూలుగా ఉండేవి కూడా అక్కడ వింతగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి 2009లో ఒక సంగతి బయటపెట్టారు, గుండె కండరానికి చెందిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లోపించడం మన ఉపఖండంలో నూటికి సుమారు నలుగురిలో ఉంది, యూరప్ వాళ్ళలో దాదాపు లేదు. మన జీనోములు మనమే చదువుకోవాలన్నది అందుకే. జీనోమ్ ఇండియా అనే జాతీయ ప్రాజెక్టు కింద పదివేల మంది జీనోములు చదివి ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు, రిపోర్టులు చదివే పని దానివల్ల తేలికవుతుంది.

ఇప్పుడు తల్లులతో ఒక మాట. కౌన్సెలింగ్ గదిలో భర్త, అత్తగారు పక్కన ఉన్నంతసేపూ ఏమీ మాట్లాడని అమ్మాయి, వాళ్ళు బయటికెళ్ళగానే "మేడమ్, గ్రహణం రోజు నేను కూరగాయలు తరిగాను, దానివల్లేనా?" అని అడుగుతుంది. కాదమ్మా. గ్రహణం వల్ల కాదు, బొప్పాయి వల్ల కాదు, నువ్వు బరువెత్తడం వల్ల కాదు. 22క్యూ, విలియమ్స్ పిల్లల్లో ఎక్కువమందికి ఆ మార్పు కొత్తగా వచ్చిందే, అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు, దాని మీద ఎవరి అదుపూ ఉండదు. మేనరికం చేసుకున్నందుకే అని పెద్దలను తిట్టుకునే వాళ్ళకు కూడా చెబుతున్నాను, డౌన్, 22క్యూ, విలియమ్స్ మేనరికం వల్ల రావు. పాంపే, ఎల్లిస్-వాన్ క్రెవెల్డ్ లాంటి వాటికి మేనరికంతో సంబంధం ఉంది, అక్కడ నిజం నిజంగానే చెప్పాలి. గర్భంలో రుబెల్లా సోకినా, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు వాడినా గుండె లోపం రావొచ్చు, ఆ మందులు మీ అంతట మీరు ఆపకండి, గర్భం అనుకున్నప్పుడే డాక్టర్‌ను అడిగి మార్చుకోండి. ఇవన్నీ కోడలి మీద నింద వెయ్యడానికి కాదు, అత్తగార్లు కూడా వినాలి.

తర్వాతి కాన్పు గురించి. బిడ్డకు గుండె లోపం ఒక్కటే ఉండి జన్యు కారణం దొరక్కపోతే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సాధారణంగా నూటికి రెండు మూడు. కొత్తగా వచ్చిన 22క్యూ అయితే నూటికి ఒకటి లోపే అనుకోవచ్చు, తల్లిలోనో తండ్రిలోనో ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ సగానికి సగం. పాంపే లాంటివి అయితే నాలుగింట ఒక వంతు. ఇది కూడా ప్రతి కాన్పుకీ కొత్తగా మొదలయ్యే లెక్క. "ఒకరికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదు" అని చాలామంది అనుకుంటారు, అలా ఉండదు. మొదటి బిడ్డలో మార్పు ఏమిటో తెలిస్తేనే 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి, లేదా 16 వారాల తర్వాత ఉమ్మనీటి నుంచి పరీక్ష చెయ్యగలం. 18 వారాలు దాటాక గర్భంలోని బిడ్డ గుండె ఎకో తీయించుకోండి. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం కొన్ని వర్గాల వారికి 24 వారాల దాకా, తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు అనుమతితో ఆ తర్వాత కూడా గర్భం విషయంలో నిర్ణయం తీసుకునే వీలుంది. ఆ నిర్ణయం పూర్తిగా మీదే, ఉంచుకోవాలనుకుంటే కాన్పు ఎక్కడ చెయ్యాలో, పుట్టగానే ఏం సిద్ధంగా ఉండాలో ముందే ఏర్పాటు చేసుకోవచ్చు.

ఒక్కటి అడుగుతాను. నాలుగో నెలలో వచ్చి "ఇప్పుడేం చెయ్యాలి" అంటే టైం సరిపోదు, మొదటి బిడ్డ రిపోర్టు తేలడానికే వారాలు పోతాయి. గర్భం ప్లాన్ చేసుకోక ముందే రండి, ఇద్దరూ కలిసి రండి. వచ్చేటప్పుడు బిడ్డ ఎకో రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీలు, ఏదైనా జన్యు పరీక్ష చేయించి ఉంటే దాని పూర్తి రిపోర్టు, వీలైతే బిడ్డ చేతులవి, ముఖానివి ఫొటోలు ఫోన్లో తీసుకురండి. రిపోర్టు పోయిందని ఆగిపోవద్దు, పరీక్ష చేసిన ల్యాబ్ పేరు, తేదీ గుర్తుంటే తెప్పించే ప్రయత్నం మేం చేస్తాం. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, వెనక వరుసల వాళ్ళకు మైకు ముందు ఇవ్వండి.